పేరుకో పిడికెడు జొన్నలు

ఈ చలికాలం నిజామాబాద్, బోధన్ వైపు అయిదు రోజులు తిరిగి, ఆరువందలకు పైగా ఫొటోలతో ఇంటికి వచ్చాను. వాటిలో ఒకటి చాలా బాగా వచ్చింది. నేను ముప్ఫై ఏళ్లు ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచరుగా పనిచేసి, రిటైరయ్యాక కెమెరా పట్టుకున్నదాన్ని. అలాంటి బొమ్మ ఒక్కటైనా నా చేతుల మీదుగా రావాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. తీరా వచ్చాక దాన్ని ఎవరికీ చూపించబుద్ధి కాలేదు. ఆ ఒక్క క్షణం కోసం తొందరపడి, ఒక పెద్దావిడకు ఏడాదికి ఒక్కసారే దక్కేదాన్ని చెడగొట్టాను. ఎలా చెడగొట్టానో, ఆ తరువాత ఏమైందో దాచకుండా రాస్తున్నాను.

మాది భీమవరం. ధనుర్మాసంలో మా వీధికి వచ్చే హరిదాసుతో మొదలుపెట్టి, గంగిరెద్దులవాళ్లు, బుడబుక్కలవాళ్లు అంటూ చలికాలంలో గడపల ముందుకు వచ్చేవాళ్లందరినీ ఫొటోలు తీయడం నాలుగేళ్లుగా నా పని. దారిలో గుట్టలూ చెరువులూ కోటలూ కనిపిస్తే వాటినీ వదలను. నా పాత విద్యార్థిని శారద పెళ్లయి నిజామాబాద్‌లో స్థిరపడి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె ఫోను చేసి, "టీచర్, మా దిక్కు వాసుదేవుడని ఒకాయన వస్తాడు. నెమలీకల టోపీ, తెల్లటి పొడుగు అంగీ. చూస్తే మీరు వదిలిపెట్టరు" అంది. ఆ సాయంత్రమే టికెట్టు కొనేశాను.

కంఠేశ్వర్, ఖిల్లా మీది కోతులు

శారద ఇల్లు కంఠేశ్వర్‌లో, పాత శివాలయానికి నాలుగు సందుల అవతల. వీధి పొడుగునా ఆస్పత్రులు, మందుల షాపులు, వాటి ముందు అడ్డదిడ్డంగా ఆటోలు, స్కూటర్లు. శారద కూడా ఆ ఆస్పత్రుల్లోనే ఒకదానిలో చీటీలు రాసే ఉద్యోగం చేస్తోంది. నా కోసం అయిదు రోజులు సెలవు పెట్టింది. నాతో మాట్లాడేటప్పుడు భీమవరం అమ్మాయి. ఆటో ఆయన వైపు తిరిగిందంటే, "ఏం అన్నా, ఖిల్లా కాడికి వస్తవా? జర సక్కగ చెప్పు" అంటుంది. మనిషి ఒక్కతే, నోట్లో రెండు ఊళ్లున్నాయి. దానికి నేను నవ్వితే ఉడుక్కుంది.

పొద్దున్నే పెనం మీదినుంచి తీసిన సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, పచ్చిమిరపకాయలు కలిపి, వేలితో చిల్లులు పొడిచి కాలుస్తారు. మా వైపు పొద్దున పూట ఇంత కారం తిన్నవాళ్లు ఆ రోజంతా మంచినీళ్ల చుట్టూ తిరుగుతారు. ఇక్కడ ఆ చలికి అది ఒంట్లో వెచ్చగా కూర్చుంటుంది. రెండు తిన్నాను.

ఖిల్లా మెట్లు ఎక్కుతుంటే చలిలోనూ చెమట పట్టింది. పైన రఘునాథుడి గుడి, కింద చెరువు, ఆ అవతల పొగమంచులోంచి ఒక్కొక్కటిగా బయటికొచ్చే డాబాలు. నేను ఆ డాబాల మీదే కన్నుపెట్టి ఉండగా ఒక కోతి వచ్చి, గోడ మీద పెట్టిన లెన్సు మూత పట్టుకుపోయింది. అరిచాను, అరటిపండు చూపించాను, బతిమాలాను. అది ఆ మూతను కాసేపు కొరికి చూసి చెరువు వైపు విసిరేసింది. మెట్ల దగ్గర పూలమ్మే ముసలామె ఇదంతా చూస్తూ, "గది మూతే కదమ్మా, కన్ను గుంజుకపోలే. సంబురపడు" అంది. ఆమె దగ్గర రెండు మూరల బంతిపూలు కొన్నాను. మిగిలిన నాలుగు రోజులూ కెమెరాకు శారద చేతిరుమాలే మూత.

మాక్లూర్ నక్షత్రం, అశోక్‌సాగర్ రాళ్లు

రెండోరోజు శారద స్కూటరు మీద మాక్లూర్ వెళ్లాం. ఆమెతో ఆస్పత్రిలో పనిచేసే ఒక నర్సు వాళ్ల ఊరు అది. మెథడిస్టు కుటుంబం. క్రిస్మస్ వెళ్లి వారమైనా వెదురుపుల్లల నక్షత్రం ఇంకా వేపచెట్టు కొమ్మకే వేలాడుతోంది. ఆ నర్సు తండ్రి పసుపు పండించే రైతు. పండగకు ముందు వారం రోజులూ తెల్లవారకముందే లేచి, డోలక్‌తో ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడతారట.

"మా ఇండ్లకే పోతమనుకోకున్రి. పిలిస్తె ఎవ్వల ఇంటికైనా పోతం. సలికాలంల పొద్దుగాల పాట ఇనవడ్తె ఎవ్వలకైనా మంచిగనే ఉంటది" అన్నాడాయన.

తినడానికి గులాబీ పువ్వులు పెట్టారు. మా భీమవరంలోనూ ఇవి చేస్తారు గానీ అక్కడ పంచదార, ఇక్కడ బెల్లం. నక్షత్రం కింద ఆయన్ని నిలబెట్టి, "గడ్డం పైకెత్తండి, భుజాలు దించండి, ఇటు తిరగండి" అని నా అలవాటు ప్రకారం ఆజ్ఞలు జారీ చేశాను. బళ్లో ముప్ఫై ఏళ్లు అరిచిన గొంతు. ఆయన పాపం చెప్పినట్టల్లా తిరిగాడు. "టీచర్, ఆయనకు మార్కులు కూడా వేస్తారా?" అని శారద చెవిలో గొణిగింది.

సాయంత్రం బోధన్ దారిలో అశోక్‌సాగర్ దగ్గర ఆగాం. నీళ్ల ఒడ్డున ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పెద్ద పెద్ద రాళ్లు. మా గోదావరి డెల్టాలో గుప్పెడంత రాయి కావాలన్నా లారీలో రావాలి. రాయిని ఊరికే చూస్తూ గంటసేపు కూర్చోవచ్చని ఇక్కడే తెలిసింది.

బోధన్‌లో విఠల్

మూడోరోజు బోధన్ వెళ్లాం. ఊరు మొత్తం చెరుకు వాసన వేస్తుందనుకున్నాను. మూతపడిన పాత చక్కెర ఫ్యాక్టరీ గొట్టం మాత్రం ఊరి మీద నిలబడి ఉంది, పొగ లేదు. చెరుకు మాత్రం ఇంకా పండుతూనే ఉంది. గడలు నింపుకున్న ట్రాక్టర్లు బజారులోంచి దూరపు ఫ్యాక్టరీలకు పోతుంటాయి. సంతలో సగం మాటలు మరాఠీ. కూరగాయలామె నాకు ధర మరాఠీలో చెప్పి, నా మొహం చూసి, ఉర్దూలో చెప్పి, చివరికి వేళ్లు చూపించింది.

మధ్యాహ్నం ఒక చాయ్ హోటల్లో వాసుదేవుడు దొరికాడు. శారద ముందే వాకబు చేసి పెట్టింది. పేరు విఠల్, అరవై అయిదేళ్లుంటాయి. సరిహద్దుకు అవతలి మరాఠీ పల్లె ఆయనది. తాతల కాలం నుంచి చలికాలంలో రెండు నెలలు మంజీర దాటి, ఈ చెరుకు ఊళ్లన్నీ తిరగడం వాళ్ల ఇంటి వృత్తి. మామూలు చొక్కా వేసుకుని, పది రూపాయల చాయ్‌లో బన్ను ముంచుకుని తింటున్నాడు. పక్క కుర్చీలో ఎర్రగుడ్డలో చుట్టిన టోపీ ఉంది. దానికి ప్రత్యేకంగా ఒక కుర్చీ.

"ఒక్కసారి టోపీ పెట్టుకుంటారా, ఫొటో తీస్తాను" అన్నాను.

"ఇయ్యాల్టికి అయిపాయె మావులీ. దించినంక మళ్ల రేపు పొద్దుగాలనే" అన్నాడు. ఆడవాళ్లందరినీ ఆయన మావులీ అనే పిలుస్తాడు, తల్లీ అన్నట్టు.

మా హరిదాసు కూడా అంతే. తల మీది పాత్ర ఇల్లు చేరేదాకా దించడు, దారిలో ఎవరితోనూ మాట్లాడడు. విఠల్ మాత్రం అడగకపోయినా మాట్లాడతాడు. రెండో చాయ్ చెప్పి, పద్ధతి ఏమిటో నాకు విడమరిచి చెప్పాడు.

"గడప ముంగట నిలవడ్త. ఆ ఇంట్ల కాలం జేసినోళ్ల పేర్లు పెద్దోళ్లకెల్లి ఒక్కొక్కటి తీస్త. పేరుకో పిడికెడు జొన్నలు జోలెల ఏస్తరు. ఏసినంక, ఫలానా ఆయనకు దాన్ పావ్‌లం అంట. అంటే దానం ముట్టింది అని. ఆఖరి పేరు అయినంక ఇంటామె 'తిరుగు' అంటది. గప్పుడు ఉన్నకాడ్నే గిర్రున తిరుగుత. తిరిగిన్నంటె ఆ గడపకు ఆ యేటికి అయిపోయినట్టే."

"అన్ని ఇళ్ల పేర్లూ పుస్తకంలో రాసుకున్నారా?"

"రాసుకుంటె మర్చిపోత" అని నవ్వాడు. "కండ్లు మూసుకుని గడప ముంగట నిలవడ్తె అవే వస్తయి. గీడ కూసుండి సెప్పుమంటె ఒక్కటి రాదు."

ఆయన ఇంత చెప్పాడా, నా చెవిలో పడింది మాత్రం ఒక్కటే. గిర్రున తిరుగుతాడు. ఆ పొడుగు అంగీ గొడుగులా విచ్చుకుంటుంది. దాని వెనక పొద్దున ఎండ ఉండాలి. నాకు అప్పుడే కళ్ల ముందు బొమ్మ కనిపించింది. ఎల్లుండి ఏ ఊరు వెళ్తారని అడిగాను. ఆయన చెప్పిన ఊరి పేరు వినగానే శారద, "అరే, మా పెద్దత్తమ్మ ఊరే" అంది. వాళ్లాయనకు పెద్దమ్మ అవుతుంది, పేరు సాయవ్వ.

కందకుర్తి

నాలుగోరోజు పొద్దున కందకుర్తి వెళ్లాం. గోదావరి, మంజీర, హరిద్ర కలిసేచోటు. నేను పుట్టింది గోదావరి డెల్టాలోనే గానీ, అక్కడ అది అవతలి గట్టు కనపడని నది. ఇక్కడ ఇసుక తిన్నెల మధ్య నెమ్మదిగా పోతోంది. నీళ్లలో నిలబడ్డ పాత రాతిగుడి చుట్టూ మంచు. ఆ మంచు తేమ లెన్సు మీద పట్టి, మొదటి ఇరవై ఫొటోలూ పాలలో ముంచి తీసినట్టు వచ్చాయి. తిట్టుకుంటూ కొంగుతో తుడిచాను.

ఒడ్డున ఒకామె రొట్టెలు కాలుస్తోంది. పదిహేను రూపాయలకు జొన్నరొట్టె, దాని మీద ఎర్రటి పండుమిరపకాయ కారం, నూనె చుక్క. నేను తినే వేగం చూసి ఆమె, "ఏ ఊరు మనది?" అని అడిగింది. చెప్పాను. "గంత దూరం పోతదా గీ గోదారి?" అంది. తన ఒడ్డునుంచి పోయే నీళ్లు చివరికి మా ఊరి చేలకే వస్తాయంటే నమ్మలేదు. నాకూ ఆ మాట బయటికి అన్నాకే ఆశ్చర్యమనిపించింది.

సాయవ్వ ఇల్లు

పొద్దుగూకే వేళకు ఊరు చేరాం. దారికి రెండువైపులా చెరుకు. కోసిన చోట ఎండుటాకు పరుచుకుని ఉంది, కోయని చోట మనిషి కనపడనంత ఎత్తు. ఊరి పేరు రాయనని సాయవ్వకు మాట ఇచ్చాను. ఆమెకు డెబ్బైకి దగ్గర. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కొడుకూ కోడలూ చెరుకు కోతలో ఉన్నారు. ఆమె పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు చరుస్తూ, నన్ను చూడగానే, "రా చెల్లె, పొయ్యికాడ కూసో, సలి వోతది" అంది.

మర్నాటి ఫొటోల సంగతి చెప్పి, వాసుదేవుడు మీ ఇంట్లో ఎన్ని పేర్లు తీస్తాడని అడిగాను.

"నాలుగు. మామ, అత్త, మా ఇంటాయన." రొట్టె తిరగేసింది. "ఆఖరుకు నా బిడ్డ. రాజమణి."

మూడేళ్ల పిల్లట. జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. నలభై ఏళ్లు దాటిపోయాయి.

"ఫొటో ఉందా?" అని నోరు జారాను. నాకు అదే కదా మొదట గుర్తొచ్చేది.

"గప్పుడు ఫొటో దిగాలంటె బోధన్ పోవాలె. పెండ్లిళ్లకు తప్ప ఎవ్వలు దిగుతుండిరి?" అంది మామూలుగా. "బళ్లె ఏసినమా, పేరు రాసుకోనికి? కాయితం మీద యాడ లేదు నా బిడ్డ పేరు. కొడుకులకు యాదికి లేదు. నేను పేరు తీస్తె, ఇంకెన్నేండ్లు ఏడుస్తవని కోడలు కోప్పడ్తది. గందుకే నేను గూడ తియ్య. వాసుదేవుడు వచ్చిననాడు ఊరంత ఇనేటట్టు పిలుస్తడు చెల్లె. యేడాదికి ఒక్కపారి. గదొక్కటే."

మామగారి పేరూ, అత్తగారి పేరూ, మొగుడి పేరూ ఆమె నోటితో అనదు. ఆ మూడు పేర్లు చెప్పకుండానే వాసుదేవుడికి గుర్తుండాలి. కూతురి పేరు మాత్రం అంటుంది. పొయ్యి వెలుగులో ఇంకోసారి, మెల్లగా, రాజమణి అంది.

అప్పుడే పక్కింట్లో ఎవరో దగ్గారు. సాయవ్వ గొంతు తగ్గించేసింది. రెండిళ్లకూ మధ్య మెడ ఎత్తు మట్టిగోడ ఉంది. తరువాత శారద నన్ను వాకిట్లోకి తీసుకెళ్లి చెప్పింది. అవతల ఉండేది నర్సవ్వ, సాయవ్వ మరిది భార్య. మేం తోటికోడలు అంటాం, వీళ్లు యారాలు అంటారు. బోరు నీళ్ల వంతు దగ్గర గొడవపడి ఇద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. ఇద్దరి మొగుళ్లూ పోయారు, నీళ్లు కొడుకులు సర్దుకున్నారు, వీళ్ల మౌనం మాత్రం అలాగే ఉంది. "పెళ్లిళ్లలో కూడా వేరే వేరే బంతుల్లో కూర్చుంటారు టీచర్. మీరు గోడవైపు చూసి పలకరించకండి" అని హెచ్చరించింది.

నేను చేసిన పని

అయిదోరోజు ఎండ పొడిచే వేళకు చిడతల చప్పుడు వినిపించింది. విఠల్ మొన్నటి చాయ్ హోటల్ మనిషి కాడు. తల మీద నెమలీకల టోపీ, మోకాళ్లు దాటిన తెల్లటి అంగీ, నడుముకు కాషాయం గుడ్డ, కాళ్లకు గజ్జెలు. సాయవ్వ తలస్నానం చేసి, చాటలో నాలుగు పిడికెళ్ల జొన్నలు నాలుగు కుప్పలుగా పోసి, గడపలో నిలబడింది. నేను ఆమె పక్కనే, గడప కిందిమెట్టు మీద కూర్చుని కెమెరా గురిపెట్టాను. అక్కడినుంచి చూస్తే ఆయన వెనక సూర్యుడు సరిగ్గా చెరుకు ఆకుల పైకి వస్తున్నాడు.

ఆయన కళ్లు మూసుకున్నాడు. "మల్లయ్యకు…" ఒక పిడికెడు జోలెలో పడింది. "దాన్ పావ్‌లం!" లింగవ్వకు. దాన్ పావ్‌లం. గంగారాంకు. సాయవ్వ చెయ్యి కొంచెం ఆగి, ఆ మూడో పిడికెడు వేసింది. దాన్ పావ్‌లం.

సరిగ్గా అప్పుడు ఎండ టోపీ అంచు మీదికి వచ్చింది. ఒక్కొక్క నెమలికన్నూ వెలిగింది. పక్క సందులోంచి చెరుకు ట్రాక్టరు వస్తున్న చప్పుడు. ఇంకో అరనిమిషంలో అది సూర్యుడికి అడ్డం వస్తుంది. నాకు ఆ ఎండ తప్ప ఏమీ కనిపించలేదు, వినిపించలేదు. బళ్లో అరిచినట్టే అరిచాను.

"తిరగండి!"

ఆయన తిరిగాడు. కళ్లు మూసుకునే తిరిగాడు. గడప దగ్గరినుంచి ఆడమనిషి గొంతు తిరగమంది, ఇంటామే అనుకున్నాడు. అంగీ విచ్చుకుంది. ఏడు ఫొటోలు తీశాను. కెమెరా దించి చూస్తే సాయవ్వ చాట పట్టుకుని అలాగే నిలబడి ఉంది. చాటలో ఒక పిడికెడు జొన్నలు మిగిలి ఉన్నాయి.

"రాజమణి…" అంది ఆమె, ఎవరితోనో చెప్పినట్టు.

విఠల్ కళ్లు తెరిచి చాట వైపు చూశాడు, తరువాత నా వైపు. "తప్పు నాది. మళ్లీ పిలవండి. ఆ ఒక్క పేరూ పిలవండి" అన్నాను.

"తిరిగినంక ఆ గడప ముంగట మళ్ల పేరు తియ్యరాదు మావులీ. మా బాపు నాకు టోపీ పెట్టిననాడే ఒట్టు ఏయించుకున్నడు." ఆయన మొహం కూడా వాడిపోయింది. "నలభై ఏండ్లల్ల నాకు గిట్ల ఎన్నడు కాలే."

సాయవ్వ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ పిడికెడు మీద కొంగు కప్పి, "తియ్ చెల్లె. నీకేమెరుక? వచ్చే యేడు పిలుస్తడు. నేనుంటె ఇంట" అంది. నాకు ఏడుపు వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ ఏడుపులో కూడా చేతిలో కెమెరా ఉందన్న స్పృహ పోలేదు. దాన్ని శారద చేతికిచ్చేశాను.

విఠల్ జోలె సర్దుకున్నాడు. "అదే ఇంటి పేరుగల్లోళ్లది ఇంకో గడప ఉంటే, గాళ్లు మా బిడ్డే అని నోటితోని సెప్పి పిడికెడు ఏస్తె, గాడ పిలువచ్చు" అన్నాడు.

ముగ్గురం గోడవైపు చూశాం. సాయవ్వ చూడలేదు.

"వద్దు" అంది. "ఆ గడప నేను తొక్క. నా బిడ్డ కోసం నేను గాళ్ల కాళ్లు పట్టుకోవాల్నా?"

"మీరు రావద్దు. చెడగొట్టిందాన్ని నేను, నేనడుగుతాను" అన్నాను. ఆమె చాట పట్టుకుని వాకిట్లోనే నిలబడిపోయింది.

గోడకు అవతల

సందు చుట్టి వెళ్లేలోపు నర్సవ్వతో ఏమనాలో నాలుగు రకాలుగా కూర్చుకున్నాను. పరాయి ఊరిదాన్ని, క్షమించమని మొదలుపెట్టాలా, పిల్ల సంగతితో మొదలుపెట్టాలా? వెళ్లేసరికి ఆమె అప్పటికే గడపలో ఉంది. సన్నగా, పొడుగ్గా, చేతిలో చాట. చాటలో ఆమె ఇంటి పేర్లకు మూడు కుప్పలు. విఠల్ నా వెనకే వచ్చాడు.

"అమ్మా, పక్కింట్లో…" అని నోరు తెరిచాను.

"ఏం సెప్పకు. గోడకాడ నిలవడి అంత ఇన్న" అంది. "మామ పేరు వచ్చింది, అత్త పేరు వచ్చింది, బావ పేరు వచ్చింది. పిల్ల పేరు రాలే."

నేను పక్కకు జరిగి విఠల్‌కు దారి ఇచ్చాను.

"యేటేట గోడకాడ నిలవడే ఇంట. ఆమె చెరుకు నాట వోతె పిల్ల నా సంకలనే ఉంటుండె. జరమొచ్చిననాడు బోధన్ దాక బండ్ల ఎత్తుకుని పోయింది నేను" అంది. చివరి మాటలు గోడకు అవతల కూడా వినపడాలన్నట్టు గట్టిగానే అంది. తరువాత విఠల్ వైపు తిరిగి, "నువ్ కానియ్యి" అంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. మల్లయ్యకు, లింగవ్వకు, ఆమె భర్త సాయిలుకు. మూడు పిడికెళ్లూ జోలెలో పడ్డాయి. ఈసారి గడపకు ఆమడ దూరంలో, చేతులు కట్టుకుని నిలబడ్డాను. విఠల్ కళ్లు మూసుకునే అడిగాడు.

"ఇంకెవ్వరు?"

"రాజమణి" అంది నర్సవ్వ. "మా బిడ్డ."

ఆయన జోలె చాపాడు. ఆమె చాటలోకి చూసుకుంది. ఖాళీ. ఇంట్లోంచి ఇంకో పిడికెడు తేవడానికి వెనక్కు తిరిగి, గడప లోపల ఒక కాలు పెట్టింది.

"ఉండు."

మట్టిగోడ మీదినుంచి ఒక చెయ్యి ఇవతలికి వచ్చింది. సాయవ్వ తల మాత్రమే కనిపిస్తోంది, మునివేళ్ల మీద నిలబడి ఉండాలి. పిడికిలి బిగించి ఉంది. వేళ్ల సందుల్లోంచి రెండు మూడు గింజలు గోడ మీద పడ్డాయి.

"ఇగో చెల్లె" అంది నర్సవ్వతో. "పిల్ల పిడికెడు ఇది."

నర్సవ్వ గోడ దగ్గరికి వెళ్లి రెండు చేతులూ దోసిలి పట్టింది. ఆ పిడికిలి ఆమె దోసిట్లో విచ్చుకుంది. గోడ మీద పడ్డ గింజలను కూడా ఒక్కొక్కటీ ఏరుకుని, వెనక్కి వచ్చి, అన్నీ జోలెలో వేసింది.

విఠల్ గొంతు పెంచాడు. అంతవరకు తీసిన పేర్లన్నీ ఇంటి ముందుకు పిలిచినట్టుంటే, ఇది చెరుకు తోటలదాకా పిలిచినట్టు ఉంది. "రాజమణికి… దాన్ పావ్‌లం!" సందులో ట్రాక్టరు మీదివాళ్లు కూడా తలలు తిప్పి చూశారు. గోడ మీద సాయవ్వ మొహం కొంగులోకి వెళ్లిపోయింది. నర్సవ్వ మాత్రం కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

విఠల్ తిరగలేదు. కళ్లు తెరిచి, ముందు నన్ను చూశాడు. నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. తరువాత నర్సవ్వను చూశాడు.

"ఇంకెవ్వరన్న మిగిలిండ్రా అవ్వా?"

నర్సవ్వ గోడవైపు చూసింది. అవతల ముక్కు చీదిన చప్పుడైంది. తరువాత సాయవ్వ గొంతు వినిపించింది.

"లేరు. అందరు వచ్చిండ్రు. ఇగ తిరుగు."